గాలిలో మన ఊరి వాటా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడానికి మనకు సభలు చాలానే ఉన్నాయి. ఈసారి రేడియో గురించి నాలుగు మాటలు చెబుతానని కార్యదర్శి గారిని అడిగి మరీ అనుమతి తీసుకున్నాను.

రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తే. పంచాయతీ రేడియో దగ్గర సాయంత్రం పూట ఊరు ఊరంతా చేరేది. హైదరాబాదు కేంద్రం, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మనకు సంగీతం, నాటకాలు, వ్యవసాయ సలహాలు అందించాయి. ఆ మేలు మరువరానిది. ఉత్తరం రాస్తే చదివేవారు, అప్పుడప్పుడు పల్లెలకొచ్చి పాటలు రికార్డు చేసుకుపోయేవారు. అయితే ఏది వినిపించాలన్న నిర్ణయం మాత్రం పల్లెది కాదు. మన ఆఫీసు సర్క్యులర్ల మాదిరే, పైనుంచి కిందికి వచ్చినంత సులువుగా కిందినుంచి పైకి ఏదీ పోయేది కాదు.

ఈ పద్ధతిని మార్చడానికి దారి చూపింది సుప్రీంకోర్టు. క్రికెట్ ప్రసారాల వివాదంలో 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెబుతూ, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ గారితో పాటు మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. తీర్పు వచ్చినా ఫైలు కదలడానికి ఎంత కాలం పడుతుందో మనకు వేరే చెప్పాలా? 2002 చివరలో విద్యాసంస్థలకు మాత్రం సామాజిక రేడియో పెట్టుకునే వీలు కల్పించారు. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు ఆ అవకాశం దక్కింది 2006 నవంబరులో.

అప్పటికే మన జహీరాబాదు ప్రాంతంలో కొందరు ఆడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచునూర్ గ్రామంలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు లైసెన్సు రాకముందు పదేళ్లపాటు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులను సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. వారిలో ఎక్కువమంది దళిత కుటుంబాల స్త్రీలు, చిన్న రైతులు. చివరికి 2008 అక్టోబరు 15న వారి ‘సంగం రేడియో’ ప్రసారాలు మొదలయ్యాయి. ప్రారంభించినవారు ఆ సావంత్ గారే! స్టూడియో నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ.

వారు వినిపించినదేమిటి? జొన్నలు, కొర్రలు, విత్తనం దాచుకునే తీరు, పశువుల జబ్బులు, నాటువైద్యం, పండుగలు, పొలం పనుల పాటలు. అదంతా వారి యాసలోనే. పుస్తక భాష రాదని వెనక్కి తగ్గే మనిషికి, తన మాటే రేడియోలో వినబడితే కలిగే ధైర్యం ఇంతా అంతా కాదు.

ఈ రేడియోలకు హద్దులూ ఉన్నాయి. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు మించదు, కనుక చుట్టుపక్కల ఊళ్లకే అందుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవి కావాలి. ఈ నిబంధన మంచిదే. కాని సొంతంగా వార్తలు చెప్పరాదన్న నిషేధం నాకు సబబుగా తోచదు. పాట పాడవచ్చునట, ఊళ్లో జరిగినది వార్తగా చెప్పకూడదట! తరంగాలు ప్రజల ఆస్తి అయినప్పుడు, తమ ఊరి వార్త చెప్పుకునే హక్కు ఆ ప్రజలకు ఎందుకుండకూడదు? మన సంఘం ఈ విషయం మీద తీర్మానం చేస్తే బాగుంటుందని నా మనవి.

ఇంకొక్క మాట. మీ ప్రాంతంలో ఇటువంటి రేడియో ఉంటే ఒకసారి వెళ్లి రండి. ఫ్యామిలీ పెన్షనుకు ఏయే కాగితాలు కావాలో, లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో పదినిమిషాలు తేట మాటల్లో చెప్పండి. ఆఫీసు మెట్లెక్కడానికి జంకే ఏ వితంతువుకో అది దారి చూపుతుంది. ఇంట్లో పాటలు తెలిసిన పెద్దవాళ్లుంటే వారినీ వెంటబెట్టుకు వెళ్లండి. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు కాగితం మీద లేవు, వాళ్ల గొంతుల్లో ఉన్నాయి. ఆ గొంతులు ఉండగానే ఆ పని జరగాలి.