సైలెన్సర్ తగిలిస్తే గురి ఎందుకు మారుతుంది? శ్రీహరికోట రాకెట్‌లో జవాబుంది!

ఫోన్లో గన్ గేమ్స్ ఆడేవాళ్ళకి సైలెన్సర్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. గేమ్‌లో అది తగిలిస్తే సౌండ్ తగ్గుతుంది, అంతే. కానీ నిజం రైఫిల్‌కి తగిలిస్తే ఇంకోటి కూడా జరుగుతుంది. బుల్లెట్ పడే చోటు మారిపోతుంది.

ఎందుకో చూద్దాం. ట్రిగ్గర్ నొక్కి తూటా పేలగానే గొట్టం మొత్తం సన్నగా వణుకుతుంది. మన కంటికి కనపడదు. బుల్లెట్ బయటికొచ్చే క్షణానికి గొట్టం మూతి ఎటు ఉందో బుల్లెట్ అటే పోతుంది. మూతికి సైలెన్సర్ బరువు వేలాడితే ఆ వణుకు తీరు మారుతుంది. మూతి దగ్గర తేడా ఒక డిగ్రీలో 60వ వంతే అనుకోండి. 100 మీటర్ల దూరంలో అది దాదాపు 3 సెంటీమీటర్లు అవుతుంది, 300 మీటర్లలో 9 సెంటీమీటర్లు. బయల్దేరేచోట చిన్న తేడా, చేరేచోట పెద్ద తేడా.

ఇప్పుడు పులికాట్ సరస్సు దాటి శ్రీహరికోట వెళ్దాం. 2022 ఆగస్టు 7, ఆదివారం పొద్దున. ఇస్రో కొత్త చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటిసారి ఎగురుతోంది. నేను ఫోన్లో లైవ్ చూస్తున్నా. అందులో ఆజాదీశాట్ అనే బుల్లి ఉపగ్రహం కూడా ఉంది. 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు చేతులు కలిపి చేసింది అది.

రాకెట్ బాగానే లేచింది. రెండో దశ విడిపోయేటప్పుడు మాత్రం లోపల ఒక్క కుదుపు వచ్చింది. సెకనులో చిన్న ముక్కంత సేపు. ఆ కుదుపుకి వేగం మార్పుని కొలిచే సెన్సర్ల రీడింగులు హద్దు దాటాయి. సెన్సర్లు పాడైపోయాయని కంప్యూటర్ అనుకుంది, వాటిని పక్కన పెట్టేసింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి!

ఫలితం ఏంటి? సెకనుకి 7 కిలోమీటర్లకి పైగా ఉండాల్సిన వేగంలో 56 మీటర్లు తగ్గింది. ఒక శాతం కూడా కాదు. కానీ 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు, ఒకవైపు 76 కిలోమీటర్లకి దిగిపోయే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే గాలి ఊరుకోదు కదా. అమ్మాయిల కష్టం అలా పోయింది.

మరి గురి తప్పితే ఏం చేయాలి? రైఫిల్ కాల్చడం తెలిసినవాళ్ళు సైలెన్సర్ తగిలించాక, దాంతోనే మళ్ళీ కాల్చి చూసి గురి సరిచేసుకుంటారు. అది ఉన్నప్పుడు ఎంత తేడా వస్తుందో రాసి పెట్టుకుంటారు. కుదుపు ఉంటుందని ఒప్పుకుని లెక్క కట్టడం అన్నమాట.

ఇస్రో కూడా అదే చేసింది. దశలు విడిపోయే పద్ధతిని కుదుపు తక్కువుండేలా మార్చింది. సెన్సర్ పాడైందని తేల్చే ముందు కంప్యూటర్ ఇంకాస్త ఆగి చూసేలా లెక్క సరిచేసింది. 2023 ఫిబ్రవరి 10న, అదే శ్రీహరికోట నుంచి రెండో ఎస్ఎస్ఎల్‌వీ లేచి, అనుకున్న 450 కిలోమీటర్ల కక్ష్యకే చేరింది. అందులో ఆజాదీశాట్-2 ఉంది. ఆ అమ్మాయిలు మళ్ళీ చేశారు!

పరీక్షో, ఇంటర్వ్యూనో ఒకసారి తప్పితే "నా వల్ల కాదు" అనేస్తాం చూడండి. ముందు ఏది కదిలిందో వెతుకుదాం. పనికొచ్చే సెన్సర్‌ని పారేయకుండా ఉంటే చాలు. ఉంటా మరి, మళ్ళీ కలుద్దాం.