కాలేయపు నిలువధనము

శీతకాలము వచ్చినదనగా సుబేదారి రహదారిపై పత్తి బస్తాల బండ్లు కనబడును. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు చేరు ఆ తెల్లని పత్తి వెనుక నెలల తరబడి చల్లిన పురుగుమందున్నది. 1997-98లో పురుగు సోకి పంట పోగా, అప్పుల పాలై ఈ జిల్లాలో పలువురు రైతులు ప్రాణములు కోల్పోయిరి. ఆ విషాదము లోకమెరుగును. ఏటేట మందు కొట్టు కూలివాని శరీరమున నిశ్శబ్దముగా జరుగు నష్టము మాత్రము అంతగా కానరాదు.

తడిసిన అంగీ నుండి మందు చర్మము గుండా రక్తములో చేరును. దానిని విరిచి బయటకు పంపు భారము ముఖ్యముగా కాలేయముది. ఈ పనిలో చురుకైన ఆక్సిజన్ రూపములు పుట్టి, నూనె ముక్కిపోయినట్లు, కణపు పొరలలోని కొవ్వును చెరచును. వీనిని అణచునది గ్లూటాథయోన్. గ్లుటామిక్ ఆమ్లము, సిస్టీను, గ్లైసీను అను మూడు ఆమైనో ఆమ్లముల కూర్పే ఇది. కొన్ని విషములకు తానే అంటుకొని, వానిని వెలుపలికి సాగనంపును. అనగా విషమును ఎదుర్కొనుటకు కాలేయము తన నిలువధనమును వెచ్చించుచున్నది. దేహమును పోషింపవలసిన ఆమైనో ఆమ్లములు రక్షణ వ్యయమునకు మరలును.

ధనము తరిగిన ఏమగును? జ్వరమునకు వాడు పారాసిటమాల్ మితిమీరినచో గ్లూటాథయోన్ అడుగంటి కాలేయ కణములు చచ్చును. 1970 దశకమున వైద్యులు సిస్టీను సంబంధిత ఔషధమిచ్చి ఆ నిలువను మరల నింపుట నేర్చిరి. అయితే ప్రతి పురుగుమందుకును అది విరుగుడు కాదు.

కాలేయము గాయపడినపుడు, ఆమైనో ఆమ్లములను మార్చు ఎంజైములు రక్తములోనికి కారును. రక్తపరీక్షలో వైద్యుడు చూచు ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అనునవి ఇవే. గాయము మిక్కుటమైనచో అమ్మోనియాను యూరియాగా మార్చు శక్తియు సన్నగిల్లి, మెదడు మందగించును.

ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. కాని మందులింకను పెక్కు గలవు. గాలికెదురుగా కొట్టరాదు. చేతులు కడుగక బీడీ ముట్టరాదు. తడిసిన బట్టలు వెంటనే విడిచి, సబ్బుతో స్నానము చేయవలెను. కళ్లు తిరిగినను, వాంతులైనను మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను.

పప్పు, గ్రుడ్డు, నువ్వులు గల భోజనము కాలేయమునకు ఆదాయము; విషము వ్యయము. కూలివాని పళ్లెమున ఆ ఆదాయము స్వల్పము. కనుక అతని ఖర్చును తగ్గించుట, అతనిచే మందు కొట్టించువారి బాధ్యత.