అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా
యువ దంపతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం



పిల్లల పెంపకం మీద నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు, "నేను డాక్టర్ని కాదండీ, సైకాలజీ చదువుకోలేదు, డేటాబేసులు చూసుకునే ఇంజనీర్ని" అన్నాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం, డాక్టర్లందరూ పొద్దుటి సదస్సుకే అయిపోయారు" అన్నారు. కాబట్టి పెంపకం లాంటి పెద్ద మాటల జోలికి పోను. రోజు మొత్తంలో నాకు బాగా తెలిసినవి మూడే మూడు గంటలు. సాయంకాలం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. వాటి గురించే చెబుతాను.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. వారానికి నాలుగు రోజులు రెండో షిఫ్టు, అంటే మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండున్నర. ఆవిడ వెళ్ళేటప్పటికి పిల్లలు బళ్ళో ఉంటారు, వచ్చేటప్పటికి నిద్రలో ఉంటారు. పొద్దున్న లేపడం, జడలు వెయ్యడం, బస్సెక్కించడం ఆవిడ పని. సాయంత్రం నాది. బడి వదిలాక పిల్లల్ని ఉంచుకునే చోట అయిదున్నర దాటితే నిమిషానికింత అని జరిమానా. అందుకని నా గడియారం అక్కడ మొదలవుతుంది.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. ఆవిడ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు గుంటూరులో డిగ్రీ కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. 2011లో హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చింది. ఆ వీసా సంగతి ఈ హాల్లో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, గుడిలో స్వచ్ఛందంగా పులిహోర కలపొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకి పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మా చేతికి ఆ కార్డు వచ్చేటప్పటికి అమ్మాయి కడుపులో ఉంది. తర్వాత అబ్బాయి. వాళ్ళని పడుకోబెట్టి, పాత పుస్తకాల దుమ్ము దులిపి, ఇక్కడి ల్యాబు సర్టిఫికేషన్ పరీక్ష రాసి ప్యాసయింది. మొదటి ఉద్యోగం వచ్చేసరికి ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయింది. అదీ రెండో షిఫ్టు. కొత్తగా చేరేవాళ్ళకి పగటి షిఫ్టు ఎవరిస్తారు చెప్పండి?

ఒప్పుకోవాలా వద్దా అని మా ఇంట్లో నాలుగు రోజులు నడిచింది. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్. "ఏరా, నీ జీతం చాలట్లేదట్రా? పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?" మా అమ్మ చెడ్డ మనిషి కాదు. నలుగురు పిల్లలకి కట్టెల పొయ్యి మీద వండి పెట్టిన మనిషి. ఆవిడకి ఆ ప్రశ్న ఒక్కటే ప్రశ్న. విచిత్రమేమిటంటే మా ఆవిడదీ అదే ప్రశ్న. "వద్దని రాసేస్తానండీ, పగటి షిఫ్టు ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా" అంది. వీసా అడ్డు తొలగింది, పరీక్ష గట్టెక్కింది, చివరికి అడ్డం పడింది రాత్రి అన్నం. "అన్నం నేను పెడతాను" అన్నాను. "ఏం పెడతారు?" అంది.

ఇవాళ్టి నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకి జవాబు.

ముందుగా మగవాళ్ళకి ఒక మాట. బ్యాచిలర్ రోజుల్లో వంట చేశాం కదా అనుకుంటాం. అది వేరు. అప్పుడు రాత్రి పదింటికి తిన్నా అడిగేవాడు లేడు. ఆరేళ్ళవాడికి ఆరున్నరకి ఆకలేస్తుంది, ఆరూ నలభైకి ఏడుస్తాడు, ఏడింటికి ఆకలి చచ్చిపోయి ఏదీ వద్దంటాడు. అంటే కారు దిగిన గంటలో కంచంలో అన్నం పడాలి. కరెంటు ప్రెషర్ కుక్కర్ ఉంది కదా, పప్పు పది నిమిషాలేగా అంటారు. ఆ పది నిమిషాలు మా ఆఫీసులో మేమిచ్చే అంచనాల్లాంటివి. ఆవిరి పట్టడానికి ఇంకో పది, దిగడానికి ఇంకో పది ఎవరూ లెక్కలో వెయ్యరు. కాబట్టి ఇంట్లో అడుగు పెట్టగానే, బూట్లు విప్పకముందే చెయ్యవలసింది కుక్కర్ మీట నొక్కడం. కందిపప్పు పొద్దున్నే కడిగి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మిగతా వారాన్ని కాపాడుతుంది. చింతపండు ఒకేసారి నానబెట్టి గుజ్జు తీసి ఐస్ ట్రేల్లో గడ్డకట్టిస్తాను. ఒక్కో గడ్డ ఒక్కో పూట పులుసుకి సరిపోతుంది. కందిపొడి, కారప్పొడి కొట్టి సీసాలకెత్తుతాను. ఇడ్లీపిండి రుబ్బి, చలికాలమైతే ఓవెన్‌లో దీపం మాత్రం వేసి రాత్రంతా లోపల పెడతాను. ఒహాయో జనవరిలో పిండి పులవాలంటే అంతకన్నా దారి లేదు. పులిసే దాకా ఆగలేని రోజులకి పెసరట్టు ఉండనే ఉంది. పొద్దున్న ఏడింటికి పెసలు నానబోసి వెళ్తే సాయంత్రం రుబ్బి వెంటనే పొయ్యచ్చు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. మా అబ్బాయి వాటాలో మిర్చి ఉండదు. నా లెక్కలో తెలుగువాడు కనిపెట్టిన అసలైన ఫాస్ట్ ఫుడ్ ఇదే.

పూటకి వండిన కూర ఒక్కటే. మిగతాది పొడి, పచ్చడి, పెరుగు. నాలుగు రకాలుంటేనే భోజనం అనే పట్టుదల మన ఇళ్ళలో ఆడవాళ్ళ నడుములు విరగ్గొట్టింది. టమాటా పప్పు, నెయ్యి, ఆవకాయ ముక్క, చివర పెరుగన్నం తిన్న పిల్లవాడు ఏ పోషకాల పట్టికలోనూ వెనకబడడు. లంచ్ బాక్సు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. మావాడి తరగతిలో ఒక పిల్లకి వేరుశనగ పడదు. అందుకని పల్లీ చట్నీ, పల్లీలు వేసిన పులిహోర బడికి వెళ్ళవు. 2023 జనవరి నుంచి ఈ దేశంలో నువ్వుల్ని కూడా ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పవలసిన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు కాబట్టి నువ్వులపొడి పెట్టే ముందు కూడా టీచరుని ఒకసారి అడగండి.

ఇక నేను అనుకోకుండా దొరికిన సంగతి. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి వంట చేసుకుంటే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ అమ్మ లేని సాయంత్రాల్లో మా ముగ్గురి మధ్య ఇంగ్లీషు చల్లగా చొరబడింది. అమ్మాయి ఇంగ్లీషులో అడిగితే నేనూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పేవాణ్ణి, ఆఫీసు నోరు ఇంకా అలాగే ఉండేది మరి. వాళ్ళని వంటింట్లోకి లాక్కొచ్చాక ఇంగ్లీషు దానంతటదే చాలకుండా పోయింది. ఎందుకో చూడండి. ఇంగ్లీషులో చాలా వాటికి కట్ చెయ్యడం అంటే సరిపోతుంది. మనకి బెండకాయ తరగాలి, ఉల్లిపాయ కొయ్యాలి, కొబ్బరి తురమాలి, చిక్కుడుకాయ ఈనె తీసి తుంచాలి, వెల్లుల్లి ఒలవాలి, అల్లం దంచాలి, కరివేపాకు దుయ్యాలి, ఉడికిన పప్పు మెదపాలి. "కరివేపాకు దువ్వి ఇవ్వు" అంది మా అమ్మాయి తమ్ముడితో ఒకరోజు. దువ్వేది జుట్టు, దూసేది ఆకు అని అక్కడికక్కడే తేలింది. వారానికి ఒక గంట చదివే తెలుగు పాఠం మంచిదే, మా పిల్లలూ వెళ్తారు. కానీ చేతిలో వస్తువు ఉన్నప్పుడు నేర్చుకున్న మాట జారిపోదు.

ఏడుంబావుకి ఆవిడకి భోజన విరామం. ఫోనుని పసుపు డబ్బాకి ఆనించి బల్ల మీద పెడతాం. ముందురోజు నేను వండిందే ఆవిడ బాక్సులో ఉంటుంది కాబట్టి తీర్పు కూడా అప్పుడే వస్తుంది. "నిన్నటి పప్పులో ఉప్పు కాస్త తగ్గిందండీ" లాంటివి. ఒకసారి అబ్బాయి అడిగాడు, "అమ్మా, ఇవాళ ఏం చేశావు?" అని. "రక్తకణాలు లెక్కపెట్టాను." "ఎన్ని?" "ఒక్క చుక్కలో కోట్లుంటాయి నాన్నా. లెక్క మిషను పెడుతుంది, మిషను మాట నమ్మాలో వద్దో నేను చూస్తాను." వాడు అన్నం ముద్ద నోట్లో అలాగే పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

దాని ఫలితం 2024 అక్టోబరులో బయటపడింది. మా కొలంబస్ చుట్టుపక్కల హాలోవీన్‌కి పిల్లలు ఇల్లిల్లూ తిరగడాన్ని బెగ్గర్స్ నైట్ అంటారు. బిచ్చగాళ్ళ రాత్రి! వింటే మా తాతగారు ఏమనేవారో. నేను మా పిల్లలకి పగటివేషాల వాళ్ళ గురించి చెప్పాను. మన ఊళ్ళలో వేషం కట్టిన పెద్దవాళ్ళు పట్టపగలు ఇంటికొస్తారు, రోజుకో వేషం, ఆఖరి రోజున బియ్యమో డబ్బులో అడిగి తీసుకుంటారు. ఇక్కడ వేషాలు పిల్లలవి, ఇచ్చేది పెద్దవాళ్ళు, అంతే తేడా. ఆ ఏడు దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. మా గుమ్మం మెట్టు మీద గుమ్మడికాయ పక్కనే ప్రమిదలు. తర్వాతి శనివారం మన సంఘంవారి దీపావళి వేడుకలో పిల్లల వేషాల పోటీ. రెండింటికీ ఒకే వేషం చాలాలని నా షరతు. ఇంటర్నెట్‌లో కొంటే రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. కానీ అబ్బాయి అడిగింది ఏ షాపులోనూ లేదు. వాడికి ఎర్ర రక్తకణం వేషం కావాలి.

అప్పటికి మా అమ్మ వచ్చి రెండు నెలలయింది. వచ్చిన మూడో రోజు దాకా నా వంట చూస్తూ ఏమీ అనలేదు. నాలుగో రోజు "ఇంగువ నూనెలో వెయ్యాల్రా, నీళ్ళలో కాదు" అని మాత్రం అంది. కుట్టు మిషను ముందు ఆవిడే కూర్చుంది. ఎర్ర ఫెల్టు గుడ్డ 12 డాలర్లు. రెండు పెద్ద గుండ్రాలు కత్తిరించి, ముందు టాకాలు వేసి, పాత దిండు చింపి దూది కూరి, మధ్యలో దబ్బనంతో దారం గుచ్చి లోపలికి లాగి బిగించాం. ఎర్ర రక్తకణానికి నడుమ పల్లం ఉంటుంది, చిల్లు మాత్రం ఉండదు. ఈ తేడా దగ్గర మా ఆవిడ ఫోనులోంచి చాలా గట్టిగా నిలబడింది. అక్టోబరు చలికి లోపల స్వెటర్ పట్టేంత వదులు ఉంచాం. ఇక్కడ వేషం కుట్టేవాళ్ళు మరిచిపోకూడని కొలత అది, లేకపోతే అంత కష్టపడి కుట్టింది కోటు కింద దాక్కుంటుంది.

అమ్మాయి సత్యభామ. సీరియల్ డబ్బా అట్టతో కిరీటం, అమ్మ పాత పట్టుచీర జరీ అంచు, నల్ల ఊలుతో అల్లిన పొడుగాటి జడ. కొండపల్లి బొమ్మలకి చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపి మక్కు చేసి భాగాలు అతుకుతారు కదా, మేము మైదా జిగురు, న్యూస్‌పేపర్లతో సరిపెట్టుకున్నాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల కుటుంబాల్లో తల్లీ తండ్రీ పిల్లలూ తామే వేషాలు కట్టి తామే తెరలు లాగేవారు. మా భోజనాల బల్ల ఆ పది రోజులూ ఆ డేరాలాగే ఉండేది. కంచాలు పెట్టుకోవడానికి చోటు లేక నేల మీద కూర్చుని తిన్నాం. పిల్లలకి అదీ పండగే.

శనివారం వేదిక మీద అబ్బాయి వంతు వచ్చింది. మైకు పట్టుకున్న పెద్దాయన వాణ్ణి ముందునుంచి, పక్కనుంచి చూసి, "ఏం నాన్నా, గారె వేషమా?" అన్నారు. హాలంతా నవ్వు. వాడు నవ్వలేదు. "గారె కాదండీ. గారెకి చిల్లుంటుంది. నేను ఎర్ర రక్తకణం. 120 రోజులు బతుకుతాను. మా అమ్మ నన్ను లెక్కపెడుతుంది" అన్నాడు. అంత పొడుగు తెలుగు వాడు ఒక్క ఊపులో మాట్లాడగా నేను వినడం అదే మొదలు. వాళ్ళమ్మ ఆ పూట డ్యూటీలో ఉంది, వీడియో తర్వాత చూసింది. ఒకసారి కాదు.

బహుమతి రాలేదు. వెన్నదొంగ కృష్ణుడికి వచ్చింది, కుండ చాలా బాగుంది, న్యాయమే. నేను కెమెరా ముయ్యబోతుంటే వెనక వరసలోంచి మా అమ్మ గొంతు వినిపించింది. పక్కావిడతో చెబుతోంది, "మా కోడలు రక్తం చూసి జబ్బేమిటో చెప్పేస్తుందండీ" అని. జబ్బు చెప్పేది డాక్టరు, ల్యాబువాళ్ళు చెప్పేది లెక్కలు. ఆ పూట మాత్రం మా అమ్మని నేను సరిదిద్దలేదు.

నిర్వాహకులు అయిదు నిమిషాల చీటీ చూపించి పది నిమిషాలయింది. బయట భోజనాల వరస కూడా కదిలినట్టుంది. ఈ ఏడాది అమ్మాయి హరిదాసు అంటోంది, తల మీద అక్షయపాత్రకి ఇత్తడి గిన్నె వెతుకుతున్నాం. అబ్బాయి ఇడ్లీపాత్ర అంటున్నాడు, మూత తెరిస్తే లోపల పళ్ళేలు కనబడాలిట. దానికి పెద్ద అట్టపెట్టెలు కావాలి. ఎవరైనా ఈ మధ్య కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్ళుంటే ఆ పెట్టె పారెయ్యకండి, నన్ను కలవండి.