పలకల ఊరినుండి విమానముల చెంతకు

మా మార్కాపురమునకు, గిద్దలూరునకు రైలు గలదు, విమానము లేదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిదప ఆ కొలువుల మాట మా పల్లెలలోను వినవచ్చెను. మేము చేరినది వేరొక నగరమున. దాని పేరు శ్రోతల కనవసరము.

మోతపని మాకు క్రొత్త గాదు. పలకల కట్టలు పగులకుండ పేర్చిన చేతులివి. కాని విమానపు కడుపులో ఏ బరువు ఏ అరలో నుండవలెనో చేయి చెప్పజాలదు, లెక్కగట్టిన కాగితము చెప్పును. వెనుక బరువు మించెనా, నేలపై నిలిచిన విమానమే తోకమీద కూలబడవచ్చును. ఒక రాత్రి ముందరి అరలోని సామానును వెనుక వేసితిమి. బయలుదేరుటకు ముందే తప్పు పట్టుబడినది. అంతయు దింపి మరల నెక్కించితిమి. తిన్న తిట్లకన్న, ఆ కాగితము చదువలేకపోవుటయే మమ్ము బాధించెను.

మోతనుండి బండ్లు నడుపు పనికి పోవలెనన్న రోడ్డు లైసెన్సు చాలదు. విమానాశ్రయపు అనుమతి వేరుగ పొందవలెను. దానిని కొందరము సంపాదించితిమి. ఆపై మెట్టు బరువుల లెక్కలది. అచట ఆంగ్లము అడ్డుపడును. మాలో ఒకడు ఊరినుండి పలక తెచ్చుకొని, రాత్రి పని ముగిసిన పిదప ఆ కూడికలు దిద్దెడివాడు. మేము నవ్వితిమి. శిక్షణ ముగించి, పరీక్ష నెగ్గి, నేడతడే ఆ కాగితము వ్రాయుచున్నాడు. అతడు చెప్పిన అరలో మేము పెట్టెలు వేయుచున్నాము.