ఏం చదవాలో ఎవరు చెప్పాలి?



విదేశీ చదువుకి స్కాలర్‌షిప్పు అనగానే ఎంతిస్తారని అడుగుతాం. దేనికిస్తారని అడగం. దళిత, సంచార జాతుల, భూమిలేని కూలీల పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో 30 శాతం ఆడపిల్లలకి. మంచిదే. కాని తగినంతమంది రాకపోతే ఆ సీట్లు మగపిల్లలకి పోతాయని నిబంధనల్లోనే రాశారు. పాస్‌పోర్టు, ఇంగ్లీషు పరీక్ష ఫీజుల దగ్గరే మన పిల్లలు ఆగిపోవడం నేను చూస్తున్నాను.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది 2022లో చేర్చిన షరతు. భారతీయ సంస్కృతి, చరిత్ర, మన సమాజం మీద పరిశోధనలకి ఈ డబ్బు ఇవ్వరట! మరి జోగిని వ్యవస్థ మీద పరిశోధన చెయ్యాలనుకున్న దళిత అమ్మాయి ఏం చెయ్యాలి? అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. 1916లో అక్కడ కులం పుట్టుక మీద పత్రం చదివారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం - ఇవన్నీ కులాన్ని నిలబెట్టే సాధనాలని అందులో వివరించారు. ఆడవాళ్ల శరీరాల మీద కులం ఎలా నిలబడిందో అంత ముందే చెప్పిన పత్రమది. ఆనాడు ఈ షరతుంటే?

ఈ షరతు వల్ల పరిశోధనాంశం మార్చుకున్న అమ్మాయిలు మీ జిల్లాల్లో ఉంటే, వాళ్లు ఒప్పుకుంటేనే, వివరాలు రాసి పంపండి. మంత్రిత్వ శాఖకి ఇచ్చే వినతిపత్రంలో చేరుద్దాం.