రోగిని పరామర్శించడం – తలుపు వెలుపల నిలబడి

సర్వ స్తోత్రాలకు అర్హుడు సకల లోకాల పోషకుడైన అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతీ శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా! మన మేడిపల్లి జమాఅతుకు చెందిన ఒక ఇంటి నాలుగేళ్ల పసివాడు ఈ వారం నగరంలోని ఒక ఆస్పత్రిలో చేరాడు. ఆ బిడ్డకు తలసేమియా. ఆరు నెలల ప్రాయం దాటినప్పటి నుండి మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించనిదే అతని జీవితం సాగలేదు. అందుకోసం తల్లి అతణ్ణి చంకనెత్తుకుని నగరపు ఈ కొస నుండి ఆ కొసకు, శివరాంపల్లికి, వెళ్లివచ్చేది. 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అక్కడ ఇలాంటి బిడ్డలకు ఉచితంగా రక్తం ఎక్కిస్తోంది. ఇప్పుడు అతని ఎనిమిదేళ్ల అక్క మూలుగ తమ్ముడికి సరిపోయిందని పరీక్షలలో తేలింది. తోబుట్టువుల మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఇది ఆ ఇంటిపై అల్లాహ్ చూపిన అనుగ్రహం.

తండ్రి తమ పేరు చెప్పవద్దని కోరారు. అయినా వార్త మహల్లా అంతటా పాకింది. ఎందరో ఆస్పత్రికి బయలుదేరడానికి సిద్ధపడుతున్నారని మాకు తెలిసింది. వారిని కాస్త ఆపడమే ఈనాటి ఖుత్బా ఉద్దేశం.

ఆ గదిలో జరుగుతున్నదేమిటో మొదట తెలుసుకోండి. బిడ్డ ఛాతీలోని పెద్ద నరంలోకి ఒక సన్నని గొట్టం అమర్చారు. దాని ద్వారా వారం పది రోజుల పాటు తీవ్రమైన కీమోథెరపీ మందులు ఇస్తారు. లోపం గల పాత మూలుగను అవి పూర్తిగా తుడిచివేస్తాయి. వెంట్రుకలు రాలతాయి, నోరు పూస్తుంది, అన్నం సహించదు. ఆ తరువాత అక్క తుంటి ఎముక నుండి, ఆమెకు మత్తు ఇచ్చి, మూలుగ తీస్తారు. తమ్ముడికి అది రక్తం సంచిలాగే నరం ద్వారా ఎక్కుతుంది, కోత ఉండదు. రక్తంలో కలిసిన ఆ కణాలు ఎవరూ దారి చూపకుండానే ఎముకల లోపలికి చేరి స్థిరపడతాయి. మేము ఎన్నో ఏళ్లుగా తఫ్సీర్ బోధిస్తున్నాము. సృష్టికర్త ప్రతి వస్తువుకూ దాని రూపాన్నిచ్చి, మార్గం కూడా చూపాడన్న భావం వచ్చినప్పుడల్లా ఇకమీదట ఈ కణాలే గుర్తుకు వస్తాయి.

పాత మూలుగ పోయింది, కొత్తది ఇంకా నిలదొక్కుకోలేదు. ఈ నడిమి కాలం రెండు మూడు వారాలు, ఒక్కొక్కసారి నాలుగు వారాలు. అప్పుడు బిడ్డకు రోగాన్ని ఎదిరించే శక్తి దాదాపు శూన్యం. మనకు రెండు తుమ్ములతో పోయే జలుబు అతని ప్రాణానికి ముప్పు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 దాటి వరుసగా మూడు రోజులు నిలిస్తేనే వైద్యులు కొత్త మూలుగ పట్టుకున్నదంటారు. అంతవరకు వడగట్టిన గాలి, కాచిన నీరు, చేతులు కడుక్కున్న తల్లి. ఇంతే ఆ బిడ్డ లోకం.

రోగిని పరామర్శించడం ముస్లిముపై ముస్లిముకు గల హక్కు. దాని పుణ్యం గురించి ఈ మింబరు మీది నుండే మేము పలుమార్లు చెప్పాము. కాని హక్కు ఎవరిది? రోగిది. మన రాక అతనికి హాని చేసేదైతే రాకపోవడమే ఆ హక్కును నెరవేర్చడం. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు పయనమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ ప్లేగు ప్రబలిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక విధి నుండి మరొక విధి వైపుకే వెళుతున్నానన్న భావంతో ఆయన బదులిచ్చారు. తెగులున్న ఊరికి వెళ్లవద్దు, అక్కడున్నవారు వదిలి రావద్దు అన్న ప్రవక్త (స) ఆదేశాన్ని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడే వినిపించారు. కనుక వార్డు తలుపు దగ్గర నర్సు ఆపితే, దుఆ చేయడానికి వచ్చానని వాదించకండి. దుఆకు తలుపు అడ్డురాదు.

జమ్‌జమ్ నీటి శుభాన్ని మేము శంకించడం లేదు. అయితే ఆ క్యాను మక్కా నుండి ఎన్ని చేతులు మారి, ఎన్ని నెలలు బీరువాలో ఉండి వచ్చిందో ఎవరికి తెలుసు? వైద్యుని అడగకుండా ఒక్క చుక్క కూడా ఆ నోట పోయవద్దు. పూలు, అత్తరు, చేతికి కట్టే దారాలు, కడగని ఖర్జూరాలు ఇంట్లోనే ఉంచండి.

ఇక మనం ఇవ్వగలిగింది ఏమిటి? రక్తం. మార్పిడికి ముందు దగ్గరి రక్తసంబంధీకుల రక్తం ఆ బిడ్డకు ఎక్కించరు. వారి రక్తం వల్ల కొత్త మూలుగను శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. మేనమామలు, బాబాయిలు ఎంత ఆరాటపడినా పక్కన నిలబడవలసిందే. ఇక్కడ పొరుగువాడి హక్కు, పొరుగువాడి బాధ్యత ముందుకు వస్తాయి. ఎర్రకణాలతో పాటు ప్లేట్‌లెట్లు కూడా కావాలి. వాటిని అయిదు రోజులకు మించి నిల్వ చేయలేరు కాబట్టి ముందే కూడబెట్టడం కుదరదు. పిలిచిన రోజున ఎవరో ఒకరు కదలాలి. యంత్రం మీద గంట, గంటన్నర పడుతుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే ఎంతసేపు?

ఆ అక్క సంగతి. 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, చర్మం, రక్తం వలె తిరిగి పెరిగేదాన్ని ఒకరి శరీరం నుండి మరొకరికి ఇవ్వడం ధర్మసమ్మతమేనని తీర్మానించింది. ఇచ్చేవారు పూర్తి వివేకం, అర్హత కలవారై ఉండాలన్న షరతు కూడా పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల ఆ షరతులో ఇమడదు. అందుచేత తల్లిదండ్రులు ముఫ్తీ సాహెబును ఆశ్రయించారు. మూలుగ కొద్ది వారాలలో తిరిగి నిండుతుందని, పిల్లకు చెప్పుకోదగ్గ ప్రమాదం లేదని వైద్యుల నుండి విన్న తరువాత, ప్రాణావసరాన్ని బట్టి ఆయన అనుమతించారు. మంచిది. అయితే మా మాట ఒకటుంది: ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి, భయపడితే వినండి. ఇంట్లో అందరి కళ్లూ తమ్ముడి మీదే ఉన్నాయి. ఆమెను బడికి దింపేవారు, ఆమె పళ్లెంలో వేడి అన్నం పెట్టేవారు ఆస్పత్రికి వెళ్లిన పదిమంది కన్నా మేలు.

ఈ తండ్రి జుమాలో కనబడలేదని ఎవరూ చెవులు కొరుక్కోవద్దు. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుపడ్డారని శుక్రవారం నాడు విని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) జుమాను విడిచి ఆయన వద్దకు వెళ్లారని సహీహ్ బుఖారీలో ఉంది. రోగిని విడిచిరాలేని సంరక్షకునికి షరీఅతు మినహాయింపు ఇచ్చింది. ఆ తల్లి ఏడిస్తే సబర్ లేదని కూడా అనవద్దు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) బిడ్డ కోసం కళ్లు తెల్లబడేంతగా దుఃఖించారు. ఆయన సబర్‌ను ఖుర్ఆనే కొనియాడింది.

డబ్బు విషయంలో రెండు మాటలు. ఆ కుటుంబం అర్హులైతే జకాత్ నేరుగా వారి చేతికే ఇవ్వండి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సొమ్ము అర్హుని సొంతం కావాలి. అలాగే, తలసేమియా బిడ్డల మార్పిడికి కోల్ ఇండియా సంస్థ 2017 నుండి పది లక్షల రూపాయల వరకు సాయం చేసే పథకం నడుపుతోంది. రాయవేలూరు సీఎంసీ వంటి ఆస్పత్రులు అందులో ఉన్నాయి. ఇలాంటి బిడ్డలున్న ఇతర కుటుంబాలు తప్పక విచారించాలి.

నికాహ్ గురించి చెప్పక తప్పదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ లక్షణాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మోసేవారికి ఏ బాధా తెలియదు. రక్తసంబంధంలో పెళ్లిళ్లు ధర్మసమ్మతాలే. కాని అనుమతి ఆజ్ఞ కాదు. హెచ్‌బీ ఏ2 అనే ఒక రక్తపరీక్ష చాలు. సౌదీ అరేబియాలో 2004 నుండి నికాహ్‌కు ముందు పరీక్ష తప్పనిసరి. ఇకపై నికాహ్ తేదీ అడగడానికి మా వద్దకు వచ్చేవారిని ఈ పరీక్ష చేయించారా అని మేము అడుగుతాము. కోపం తెచ్చుకోవద్దు.

ఓ అల్లాహ్! ఆ పసివానికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. ఆ పిల్ల తుంటి నొప్పిని తేలిక చేయి. వైద్యుల చేతులకు శుభం ప్రసాదించు. ఆమీన్.

నమాజు తరువాత ముఅజ్జిన్ సాహెబు వద్ద ఒక పుస్తకం ఉంటుంది. 18 నిండి, ఆరోగ్యంగా ఉన్నవారు పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి. గత మూడు నెలల్లో రక్తం ఇచ్చినవారు ఆ తేదీ కూడా రాయాలి. గ్రూపు తెలియనివారు కూడా రాయవచ్చు.