ఉప్పుగాలి - ముందు ఫోర్కు



మైపాడు తీరంలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. పాత యెజ్డీ బండినే తీసుకోండి. మైసూరులో దాని తయారీ 1996లో ఆగింది. అయినా బాగుచేస్తే నడుస్తుంది.

ముందు ఫోర్కు రాడ్డుకు తుప్పు పడితే ఏమవుతుంది? ఆ గరుకు ఆయిల్ సీలును కోస్తుంది. ఆయిల్ కారిపోతుంది. గతుకుల్లో బండి ఎగిరిపడుతుంది. ఆయిల్ బ్రేకులోకి చేరితే బ్రేకు పట్టదు. ప్రాణం మీదికొస్తుంది!

సీలు ఒక్కటే మారిస్తే చాలదు. రాడ్డు నున్నగా ఉండాలి, వంకర ఉండరాదు. లోపల కడిగి, రెండు వైపులా కొలిచి సమంగా కొత్త ఆయిల్ పోయాలి. రాడ్లకు రబ్బరు తొడుగులు వేస్తే ఇసుక చేరదు. బండిని తరచూ మంచినీళ్లతో కడగాలి.

ఆయిల్ డబ్బా మీది నంబరు మీరే చదవండి. నేర్చిన అక్షరం బండినీ కాపాడుతుంది, మనిషినీ కాపాడుతుంది.